బటన్ నొక్కినా లైటు వెలగడం లేదా? యాప్ కాదు, ముందు వైరు చూడండి

 

ఈరోజు కరెంటు పని గురించి మాట్లాడుకుందాం. గోడ మీద బటన్ నొక్కారు, లైటు వెలగలేదు. లేదంటే నొక్కకుండానే అర్ధరాత్రి వెలిగింది. లేదంటే ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారిగా ఫుల్ వెలుగు పట్టుకుని తగ్గమంటే తగ్గడం లేదు. మామూలు ఇంట్లో అయితే స్విచ్ మార్చి చూస్తాం, బల్బు మార్చి చూస్తాం, అయిపోతుంది. వైర్డ్ లైటింగ్ కంట్రోల్ ఉన్న ఇంట్లో అట్లా కాదు. అక్కడ స్విచ్ వేరు, దాని మాట మోసుకెళ్లే వైరు వేరు, లైటును నిజంగా వెలిగించే డబ్బా వేరు.

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దారిలో నేను పనికి వెళ్లే కొత్త ఇళ్లలో, లాడ్జీల్లో, ఫంక్షన్ హాళ్లలో అక్కడక్కడా ఇవి కనపడుతున్నాయి. పెట్టినప్పుడు బాగుంటాయి. చెడిపోయినప్పుడే చిక్కు. పెట్టినాయన హైదరాబాద్‌లో ఉంటాడు. భద్రాచలం నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఒక్క లైటు కోసం ఆయన వెంటనే రాడు. "సిస్టమ్ మొత్తం పోయింది, మార్చాల్సిందే" అని ఫోన్‌లో చెప్పేస్తే ఇంటివాళ్లు నమ్మేస్తారు. నమ్మి మొత్తం పీకి పారేసిన ఇళ్లు కూడా చూశాను.

అందుకే ఈ ఎపిసోడ్. మిమ్మల్ని ఎలక్ట్రీషియన్లను చేయడం నా ఉద్దేశం కాదు. తప్పు ఎక్కడుందో మీరే చెప్పగలగాలి. అది చెప్పగలిగితే ఎవరూ మిమ్మల్ని భయపెట్టి డబ్బు గుంజలేరు.

ముందు అసలు ఇదేంటో చూద్దాం. మీ ఇంట్లో మెట్ల దగ్గర లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి కదా. కింద వేస్తాం, పైకెళ్లి ఆపుతాం. దాన్ని టూ-వే అంటాం. ఆ రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు నడుస్తాయి. వాటిలో ఒకటి తెగిందనుకోండి. కింద స్విచ్ ఒక వైపు ఉంటేనే పైన స్విచ్ పనిచేస్తుంది. రెండో వైపు ఉంటే పైన ఎన్నిసార్లు నొక్కినా వెలగదు. చాలామంది అప్పుడు బల్బు మారుస్తారు. బల్బు ఏం చేసింది పాపం? లైటు ఎట్లా మొరాయిస్తుందో గమనిస్తే తప్పు ఎక్కడుందో అదే చెప్తుంది. ఈరోజు మనం నేర్చుకునేది ఇదే, పెద్ద సిస్టమ్ మీద.

పెద్ద సిస్టమ్‌లో మీ చేతి కింద ఉన్న బటన్‌కు 230 వోల్టుల కరెంటు రాదు. బటన్ ఒక కబురు పంపుతుంది, అంతే. ఆ కబురు సన్నటి కేబుల్ మీద వెళ్తుంది. ఆ కేబుల్‌నే బస్ అంటారు. ఊళ్లో టముకు వేసినట్టు అనుకోండి. టముకు అందరికీ వినపడుతుంది, కానీ "ఫలానా వాడవాళ్లు రండి" అంటే ఆ వాడవాళ్లే కదులుతారు. బస్ మీద కూడా అంతే. కబురు అన్ని పరికరాలకూ చేరుతుంది, తన నంబరు పిలిచిన పరికరం మాత్రమే పనిచేస్తుంది. డీబీ బాక్సులో కూర్చుని లైటుకు కరెంటు కలిపే, తీసే డబ్బాను ఆక్చుయేటర్ అంటారు.

ఎక్కువగా వినపడే పేర్లు రెండు. ఒకటి కె.ఎన్.ఎక్స్. యూరప్‌లో విడివిడిగా ఉన్న మూడు పద్ధతులు కలిసి 1999లో ఇది మొదలైంది. ఏ కంపెనీ బటన్ అయినా ఇంకో కంపెనీ ఆక్చుయేటర్‌తో మాట్లాడగలగాలన్నది దాని ఉద్దేశం. బస్ మీద సుమారు 30 వోల్టుల డీసీ ఉంటుంది. రెండోది డాలి. ఇది లైట్ల కోసమే పుట్టింది, వెలుగును తగ్గించడం, పెంచడం దీని ప్రత్యేకత. ఒక డాలి లైను మీద 64 లైట్ డ్రైవర్ల వరకు నంబర్లు ఇవ్వొచ్చు, వాటిని 16 గుంపులుగా కట్టొచ్చు. దీని బస్ మీద సుమారు 16 వోల్టులు ఉంటాయి.

ఇక్కడ ఫోన్ వాడేవాళ్లకి ఒక మాట. ఈ రెండూ వైఫైతో నడిచేవి కావు. రౌటర్ పోయినా గోడ మీద బటన్ పనిచేయాలి. అందుకే మొదటి ప్రశ్న ఇదీ: గోడ బటన్ పనిచేస్తోందా, యాప్ ఒక్కటే పనిచేయడం లేదా? యాప్ ఒక్కటే అయితే లైట్ల జోలికి వెళ్లొద్దు. రౌటర్, దాని నుంచి బస్‌కు కలిపే గేట్‌వే, ఈ రెండే చూడండి. ఇంటర్నెట్ రీఛార్జ్ అయిపోయి లైటింగ్ సిస్టమ్ చెడిపోయిందని ఫోన్ చేసేవాళ్లు తక్కువేం కాదు.

సరే, గోడ బటన్ కూడా పనిచేయడం లేదు. మూత విప్పే ముందు రంగుల సంగతి చెప్పాలి. ఇది ప్రాణాలతో పని, కాస్త శ్రద్ధగా వినండి.

మన ఇళ్లలో ఎర్ర వైరు అంటే ఫేజు, నల్ల వైరు అంటే న్యూట్రల్, పచ్చ వైరు అంటే ఎర్తింగ్. చిన్నప్పటి నుంచి అదే చూశాం. ఇప్పుడు కె.ఎన్.ఎక్స్. కేబుల్ చూడండి. పైన తొడుగు పచ్చ. లోపల ఎరుపు ప్లస్, నలుపు మైనస్. అంటే మనకు అలవాటైన రంగులే, అర్థం మాత్రం పూర్తిగా వేరు. పచ్చ తొడుగు చూసి ఎర్తింగ్ అనుకుని ఎర్త్ బార్‌కు బిగించినవాళ్లున్నారు. లోపలి ఎర్ర వైరును ఫేజు అనుకుని 230 వోల్టులు కలిపితే ఆ లైను మీద పరికరాలు వరుసగా పోతాయి. అసలు ప్రమాదం దీనికి తిరగేసిన పొరపాటులో ఉంది. "ఇది బస్ వైరే, 30 వోల్టులే" అనుకుని అదే బాక్సులో పక్కన ఉన్న ఫేజు వైరును పట్టుకోవడం. 30 వోల్టులు మనిషిని ఏం చేయకపోవచ్చు, దాని పక్కన నడిచే 230 ఊరుకోదు.

డాలి వైర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 16 వోల్టులే కదా అని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. డాలి వైర్లను కరెంటు వైర్లతో కలిపి ఒకే కేబుల్‌లో లాగనిస్తారు. డ్రైవర్ లోపల తేడా వస్తే వాటి మీదకు మెయిన్ కరెంటు రావచ్చు. అందుకే డాలి వైరును కరెంటు వైరుగానే చూడాలి.

మెయిన్ ఆపారు. ఆగిందని ఎట్లా నమ్ముతారు? మన జేబులో ఉండే టెస్టర్ స్క్రూడ్రైవర్‌ను పూర్తిగా నమ్మకండి. ఎండిన చెక్క బల్ల మీద నిలబడితే కరెంటు ఉన్నా వెలగకపోవచ్చు. పక్క వైరు ప్రభావంతో కరెంటు లేకపోయినా మినుకుమనొచ్చు. మల్టీమీటర్ వాడండి. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి మీటర్ బాగుందో లేదో చూడండి, తర్వాత పనిచేసే చోట చూడండి, మళ్లీ మొదటి చోట చూడండి. మూడుసార్లు. ఇది చాదస్తం కాదు, మీటర్ మధ్యలో చచ్చిపోతే మీకు తెలియాలి కదా. ఇది చేతకాకపోతే మూత విప్పొద్దు, తెలిసినవాళ్లను పిలిచి పక్కన నిలబడి చూడండి.

ఇప్పుడు అసలు పద్ధతి. నేను ఈ సిస్టమ్‌ను నాలుగంతస్తుల ఇల్లు అనుకుంటాను. ఒకటో అంతస్తు కరెంటు. రెండో అంతస్తు బస్ కేబుల్. మూడో అంతస్తు పరికరాలు. నాలుగో అంతస్తు ప్రోగ్రాం. కింద అంతస్తు కూలితే పైది నిలబడదు. అందుకే వెతకడం ఎప్పుడూ కింద నుంచే. మనవాళ్లు చేసే పని ఏంటంటే, నేరుగా డాబా ఎక్కేస్తారు. యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, రీసెట్ కొడతారు, ప్రోగ్రాం మళ్లీ వేయిస్తారు. కింద ఒక స్క్రూ వదులైతే పైన ఎన్ని ప్రోగ్రాంలు వేసి ఏం లాభం?

ఎక్కే ముందు మూడు ప్రశ్నలు. ఒక్క లైటా, ఒక గదా, ఇల్లంతానా? ఎప్పటి నుంచి? దానికి ముందు ఇంట్లో ఏం జరిగింది? ఈ మూడో ప్రశ్న బంగారం. పిడుగు పడిందా? రంగులు వేయించారా? ఏసీ బిగించడానికి గోడకు డ్రిల్ వేశారా? కర్టెన్ రాడ్‌కు మేకు కొట్టారా? ఆ మేకు కింద బస్ కేబుల్ నడుస్తూ ఉండొచ్చు.

ఒకటో అంతస్తు, కరెంటు. డీబీ బాక్సులో ఆక్చుయేటర్ మీద చేత్తో నొక్కే చిన్న మీటలు చాలావాటికి ఉంటాయి. వెలగని లైటు ఏ నంబరుదో చూసి ఆ మీట నొక్కండి. లైటు వెలిగిందా? అంటే కరెంటు బాగుంది, ఆ లైటుకు వెళ్లే వైరు బాగుంది, లైటు బాగుంది. ఒక్క నొక్కుతో సగం ఇల్లు వెతికేసినట్టు. తప్పు బటన్ వైపు ఉంది. వెలగలేదా? అప్పుడు బటన్ వైపు చూడటం దండగ. ఎంసీబీ, న్యూట్రల్, లైటు, దాని డ్రైవర్, ఇవి చూడండి.

న్యూట్రల్ గురించి ఇంకో రెండు ముక్కలు. కొన్ని లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతూ, కొన్ని మసకబారుతూ, ఫ్యాన్ ఉన్నట్టుండి జోరు అందుకుంటే అది లైటింగ్ సిస్టమ్ తప్పు కాదు. న్యూట్రల్ ఎక్కడో వదిలేసింది. ఇంటికి మూడు ఫేజులు ఉంటే ఇంట్లోనే కావచ్చు, లేకపోతే స్తంభం దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో కావచ్చు. అప్పుడు 230 రావాల్సిన చోట 400 దాకా వోల్టులు పోవచ్చు. వెంటనే మెయిన్ ఆపేయండి, 1912కు ఫోన్ చేయండి, లైన్‌మన్‌ను పిలవండి. చర్ల, దుమ్ముగూడెం, కరకగూడెం వైపు అడవి పక్కన లైన్లు పోతాయి, గాలివానకు కొమ్మలు వైర్ల మీద పడతాయి. అట్లాంటప్పుడు వెదురుకర్రతో కొమ్మ తీయడం, జంపర్ కదపడం కొందరు ధైర్యం అనుకుంటారు. స్తంభం జోలికి వెళ్లడం మన పని కాదు, ఎంత చీకటైనా సరే.

ఇంకొకటి ఇన్వర్టర్. మన దగ్గర కరెంటు పోవడం మామూలే కాబట్టి ఇన్వర్టర్ ఉంటుంది. లైట్లను ఇన్వర్టర్ లైను మీద పెడతారు, బస్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లైని మాత్రం మెయిన్ లైను మీద వదిలేస్తారు. కరెంటు పోతే లైట్లకు ఇన్వర్టర్ కరెంటు ఉంటుంది, కానీ బటన్‌కు నోరు ఉండదు. వెలుగుతున్నవి వెలుగుతూనే ఉంటాయి, ఆరినవి వెలగవు. "కరెంటు పోయినప్పుడే మా సిస్టమ్ పనిచేయదు" అంటే నూటికి నూరు పాళ్లూ ముందు ఇదే చూడాలి. పవర్ సప్లైని ఇన్వర్టర్ లైను మీదకు మారిస్తే చాలు.

రెండో అంతస్తు, బస్. కె.ఎన్.ఎక్స్. పవర్ సప్లై దగ్గర మీటర్ పెడితే 29, 30 వోల్టులు చూపించాలి. దూరంగా ఉన్న బటన్ దగ్గర కాస్త తక్కువున్నా ఫరవాలేదు, 21 కంటే తగ్గకూడదు. పవర్ సప్లై మీద ఎర్ర దీపం వెలిగితే చాలావాటిలో అర్థం ఒకటే, దాని మీద భారం ఎక్కువైంది లేదా ఎక్కడో రెండు వైర్లు కలిసిపోయాయి. పవర్ సప్లై చెడిపోయిందని వెంటనే అనుకోకండి, అది తనను తాను కాపాడుకుంటోంది అంతే.

మీటర్ లేకపోయినా ఒక పరీక్ష ఉంది. ప్రతి కె.ఎన్.ఎక్స్. పరికరం మీద ప్రోగ్రామింగ్ బటన్ అని చిన్నది ఉంటుంది. నొక్కితే పక్కన ఎర్ర దీపం వెలగాలి. వెలిగితే బస్ కరెంటు అక్కడి దాకా వస్తోందన్నమాట. వెలగకపోతే వైరు తెగి ఉండాలి, ప్లస్ మైనస్ తారుమారై ఉండాలి, లేదా పరికరం పోయి ఉండాలి. చూశాక మళ్లీ నొక్కి ఆ దీపం ఆర్పేయడం మర్చిపోవద్దు.

కేబుల్ పొడవుకూ లెక్కలున్నాయి. కె.ఎన్.ఎక్స్.లో ఒక లైను మీద మొత్తం కేబుల్ 1000 మీటర్లు దాటకూడదు, పవర్ సప్లై నుంచి ఏ పరికరమైనా 350 మీటర్ల లోపే ఉండాలి. కొమ్మలు కొమ్మలుగా లాగొచ్చు, చుట్టూ తిప్పి తెచ్చి మళ్లీ మొదటి చోట కలపకూడదు. డాలి అయితే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో 300 మీటర్ల వరకే. ఇంటికి ఇవి చాలా ఎక్కువే. తోట చివర గేటు, వెనకాల షెడ్డు, అట్లా కలుపుకుంటూ పోయిన ఫాంహౌస్‌లలో మాత్రం ఈ హద్దులు గుర్తుపెట్టుకోవాలి.

డాలిలో ఒక మంచి గుర్తు ఉంది. లైట్లన్నీ ఒక్కసారిగా ఫుల్ వెలుగుకు వెళ్లి, ఏ బటన్‌కూ లొంగడం లేదనుకోండి. భయపడకండి. బస్ మీద వోల్టేజ్ పోతే ఫుల్ వెలుగుకు వెళ్లమని కంపెనీ నుంచి వచ్చేటప్పుడే డ్రైవర్లకు చెప్పి ఉంటుంది. చీకట్లో వదిలేయకూడదని ఆ ఏర్పాటు. అంటే డ్రైవర్లు బాగున్నాయి, లైట్లు బాగున్నాయి, బస్ ఒక్కటే పడుకుంది. అప్పుడు ఒక్కో డ్రైవర్ విప్పి చూడటం మొదలుపెట్టారంటే రోజంతా నిచ్చెన మీదే.

మూడో అంతస్తు, పరికరాలు. ఇక్కడ మార్చి చూడటమే పరీక్ష. పనిచేసే లైటు వైరును పనిచేయని ఛానెల్‌కు, పనిచేయని దాన్ని పనిచేసే ఛానెల్‌కు మార్చండి, మెయిన్ ఆపి. తప్పు లైటుతో పాటు వెళ్లిందా, ఛానెల్ దగ్గరే ఉండిపోయిందా? అదే జవాబు. బాక్సులు విప్పినప్పుడు లోపల కూడా చూడండి. మన దగ్గర బల్లులు, చీమలు బాక్సుల్లో కాపురం పెడతాయి. అటక మీద ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వేల రూపాయల మాడ్యూల్ మార్చే ముందు దాని స్క్రూలు బిగించి చూడటం ఉచితం.

నాలుగో అంతస్తు, ప్రోగ్రాం. కింద మూడూ బాగుంటేనే ఇక్కడికి రావాలి. కొన్ని "తప్పులు" అసలు తప్పులే కావు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అర్ధరాత్రి లైట్లు వెలుగుతున్నాయంటే, కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలో ఆక్చుయేటర్‌కు అట్లా చెప్పి పెట్టారన్నమాట. ఒక్క సెట్టింగ్ మార్చాలి. దయ్యమూ లేదు, దిష్టీ లేదు. డాలిలో కొత్త డ్రైవర్ మార్చాక అది వెలుగుతుంది కానీ గదిలో మిగతా లైట్లతో కలిసి తగ్గదు. అది చెడిపోయిన డ్రైవర్ కాదు. దానికింకా నంబరు ఇవ్వలేదు, ఏ గుంపులోనూ చేర్చలేదు. కొత్తగా ఊళ్లోకి వచ్చిన మనిషి, ఇంకా ఏ వాడలో ఉంటాడో రాయలేదు, అంతే.

ఇప్పుడు ఈ నాలుగంతస్తులూ ఒక ఇంటి మీద పెట్టి చూద్దాం. సారపాక వైపు రెండంతస్తుల ఇల్లు. వానలు మొదలయ్యాక ఇల్లంతా బటన్లు ఆగిపోతాయి, ఎండ వస్తే పనిచేస్తాయి, మళ్లీ ఆగుతాయి. ఇంటి పెద్దమ్మకు చూపు తక్కువ, రాత్రి బాత్రూంకు లేస్తే లైటు వెలగదు, గోడ పట్టుకుని నడుస్తుంది. వాళ్లకు ఫోన్‌లో వచ్చిన సలహా, మొత్తం మార్చాలని. మార్చడానికి అప్పు కోసం అడుగుతున్నారు.

మొదట ఆక్చుయేటర్ మీటలు నొక్కితే లైట్లన్నీ వెలిగాయి. ఒకటో అంతస్తు బాగుంది. పెద్దమ్మ గది లైటు, బాత్రూం లైటు ఆ మీటలతో వేసి వదిలేశాం, ముందు ఆ భయం తీరింది. తర్వాత పవర్ సప్లై దగ్గర మీటర్ పెడితే 30కి బదులు 18 చుట్టూ ఊగుతోంది, ఎర్ర దీపం మెరుస్తోంది. రెండో అంతస్తులో తప్పు. బస్ అక్కడి నుంచి నాలుగు కొమ్మలుగా వెళ్తోంది: హాలు, వంటగది, మేడ, బయట గేటు. రెండు కొమ్మలు విప్పితే, మార్పు లేదు. వాటిని కలిపి మిగతా రెండు విప్పితే, 29కి వచ్చింది. అంటే తప్పు ఈ రెండింటిలో ఒకదానిలో ఉంది. మేడ కొమ్మ కలిపితే 29 అట్లాగే ఉంది. గేటు కొమ్మ కలిపితే మళ్లీ 18. గేటు స్తంభంలో బటన్ బాక్సు విప్పితే లోపల నీళ్లు, చీమల మట్టి, పచ్చగా చిలుం పట్టిన జాయింటు. ఇంట్లో ఏ పరికరమూ పోలేదు. గేటు కొమ్మ విప్పి పక్కన పెట్టగానే ఇల్లంతా మామూలుగా నడిచింది. తర్వాత కొత్త కనెక్టరు, రబ్బరు వాషర్ ఉన్న బాక్సు.

ఇక్కడ గమనించండి. నాలుగు కొమ్మలుంటే ఒక్కొక్కటీ విప్పినా పెద్ద తేడా లేదు. నలభై పరికరాలుంటే సగం సగం విడగొట్టడమే దారి. ఆరుసార్లు సగం చేస్తే నలభైలో ఒకటి దొరికిపోతుంది.

వాన మాట వచ్చింది కాబట్టి గోదావరి గురించి చెప్పకుండా ఉండలేను. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. 1986లో 75.6 అడుగులు. నది పక్కన ఇల్లు కట్టేవాళ్లు డీబీ బాక్సు, బస్ పవర్ సప్లై, ఆక్చుయేటర్లు కింది అంతస్తులో పెట్టడం ఎందుకు? మేడ మీద పెట్టండి. హెచ్చరిక వచ్చినప్పుడు నీళ్లు గడప తాకకముందే మెయిన్ ఆపండి.

నీళ్లు తగ్గాక తొందరపడి మెయిన్ వేయొద్దు. గోడలో పైపుల వంపుల్లో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. పైకి గోడ ఎండినట్టు కనపడుతుంది. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీ, డ్రైవర్లు, మాడ్యూళ్లు ఎండబెట్టి మళ్లీ వాడకండి. వైర్లను మాత్రం పరీక్షించి వాడొచ్చు. మెగ్గర్‌తో 500 వోల్టుల పరీక్షలో కనీసం 1 మెగాఓమ్ రావాలి. కానీ మెగ్గర్ పెట్టే ముందు బస్ పరికరాలు, డ్రైవర్లు అన్నీ విప్పాలి. ఆ 500 వోల్టులు వాటి మీద పడితే నీళ్ల నుంచి బతికినవి మెగ్గర్‌తో పోతాయి.

ఆర్‌సీసీబీ గురించి కూడా ఇక్కడే. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకపోతే, ఎక్కడో తడి గోడలోకో మనిషి ఒంట్లోకో పోతోందని అది పడిపోతుంది. వానాకాలం పదే పదే పడుతోందని దాన్ని తీసేసి డైరెక్ట్ చేయించుకునేవాళ్లున్నారు. అది చేయొద్దు, దండం పెట్టి చెప్తున్నా. కారణం వెతకండి. ఎంసీబీలన్నీ ఆపి ఒక్కొక్కటే వేయండి, ఏది వేస్తే పడుతుందో ఆ లైనులో తప్పు. అన్నీ ఆపినా పడుతుంటే? మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోంది. మెయిన్ ఆపి న్యూట్రల్ బార్ మీద వైర్లు కూడా ఒక్కొక్కటి విప్పి చూడాలి. ఇది ఎలక్ట్రీషియన్ పని. కానీ ఆయనకు ఈ మాట మీరు గుర్తుచేయొచ్చు.

పిడుగులకు ఎస్‌పీడీ ఉంటుంది. దాని కిటికీలో పచ్చ ఉంటే బాగున్నట్టు, ఎరుపు వస్తే అది ఇంటి కోసం తన ప్రాణం ఇచ్చేసినట్టు. చాలామంది ఏళ్ల తరబడి ఆ కిటికీ చూడరు. ఉరుములు మెరుపులు ఆగిన మర్నాడు ఒక్కసారి చూడండి.

చివరి మాట, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. కె.ఎన్.ఎక్స్. ప్రోగ్రాం ఈటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాస్తారు. ఏ బటన్ ఏ లైటును పిలవాలో అంతా ఆ ప్రాజెక్టు ఫైల్‌లో ఉంటుంది. ఆ ఫైల్ లేకుండా ఒక మాడ్యూల్ పోతే, కొత్తగా వచ్చినాయన ఇల్లంతా మళ్లీ మొదటి నుంచి కనుక్కోవాలి. సారపాక ఇంట్లో కూడా ఫైల్ వాళ్ల దగ్గర లేదు. తప్పు రెండో అంతస్తులో ఉంది కాబట్టి బతికిపోయారు. ఇంటికి డబ్బు కట్టింది మీరు, పట్టా పుస్తకం లాగే ఆ ఫైల్ కూడా మీ దగ్గర ఉండాలి. చివరి చెల్లింపు ఇచ్చే ముందు మూడు అడగండి: ప్రాజెక్టు ఫైల్, దాని పాస్‌వర్డ్, ఏ గదికి ఏ నంబరు అనే కాగితం. డాలి అయితే ఏ లైటుకు ఏ నంబరు, ఏ గుంపు అనే పట్టిక.

మీ చేతిలో ఫోన్ ఉంది కదా. ఈరోజే ఒక పని చేయండి. డీబీ బాక్సు బయటి మూత తెరిచి, లోపల ఏమీ ముట్టుకోకుండా, వెలుతురులో ఫోటో తీయండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి, అమ్మకు, తాతకు, పదేళ్ల పిల్లలకు కూడా. ఆ ఫోటోలు, ఆ ఫైల్, ఆ కాగితం ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. లైటు ఆగిన రాత్రి మీరు ఎవరికి ఫోన్ చేసినా, "లైటు రావట్లేదన్నా" అనకుండా, "అన్నా, మీట నొక్కితే వెలుగుతోంది, బస్ 18 చూపిస్తోంది" అని చెప్పండి. అవతలి మనిషి మాట తీరే మారిపోతుంది.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో ఇంటి ఎర్తింగ్ గొయ్యి గురించి మాట్లాడుకుందాం. ఈలోపు మీ ఇంట్లో ఎస్‌పీడీ కిటికీ ఏ రంగులో ఉందో చూసి కింద రాయండి.